నాలుగు గంటలకొకసారి

ఆరో నంబరు మంచం.
తలవైపు ముప్పై డిగ్రీలు ఎత్తి పెట్టినా.
ముక్కులోంచి దిగిన సన్న గొట్టం మీద
యాభై ఐదు దగ్గర నల్ల గీత, దాని మీద ప్లాస్టరు.
గీత జరగలేదు. మంచిది.

రాత్రి రెండు.
సిరంజి తగిలించి మెల్లగా వెనక్కి లాగుతా.
పచ్చగా, విరిగిన పాల తునకలతో
యాభై, నూరు, నూటాయాభై,
గిన్నెలో పోసి మళ్ళీ లాగుతా,
రెండు నూర్ల ఎనభై.
పది గంటల నుంచి పోసిందంతా
గడప దాటకుండా అక్కడే కూర్చోనుండాది.

కుళ్లాయప్ప. నలభై ఏడేండ్లు. బెళుగుప్ప పక్క పల్లె.
బోరు లారీ మీద ఇరవై ఏండ్లు
గొట్టానికి గొట్టం బిగించినోడు.
ఎనిమిది నూర్ల అడుగులు దించినా
పైకి దుమ్మే లేస్తే
ఆ దుమ్ము రైతు కండ్లల్లో సగం,
ఈయన ఊపిరితిత్తుల్లో సగం.

బతుకంతా గొట్టం దించి
పైకి ఏమన్నా రావాలని మొక్కినోడు.
ఆయనలోకి గొట్టం దించి
పైకి ఏమీ రాగూడదని
అనంతపురం పెద్దాసుపత్రిలో నేను మొక్కుతాండా.

తలుపు సందులోంచి తిప్పమ్మ:
"ఎంత తాగినాడు సిస్టరమ్మా?"
ఇంక గంటకు ఇరవైయే అక్కా.
"ఇరవై గ్లాసులా?"
ఇరవై మిల్లీలు. టానిక్కు మూతతో రెండు మూతలు.
"కోడిపిల్లకు పోసినట్టా!
మూడు సంగటి ముద్దలు మింగేటోడు,
ఊరుబిండి అయిపోతే గిన్నె గీకేటోడు."

బీపీ నిలబెట్టే మందు
పేగుకు పోవాల్సిన నెత్తురు గుండెకు మళ్లించిందని,
నిద్రమందు మనిషితో పాటు పేగునూ పండబెట్టిందని
చెప్పినా, నాకు చేతనైనట్టు.
"పండుకోనుంటే పోసేదేమిటికి? లేసినాక పోద్దాం."
వాడకుండా వదిలేసిన మోటరు
తుప్పు పట్టదా అక్కా?
ఆ మాట ఆమెకు అర్థమైంది,
నాకంటే బాగా.

గిన్నెలోది మళ్ళీ గొట్టంలోకే వదుల్తాంటే
"కక్కింది తిరిగి పోస్తారా తల్లీ!"
ఆయన ఉప్పు, ఆయన పులుపు అక్కా అది.
ఆయన సొత్తు. పారబోయడానికి నేనెవర్ని?

కొత్త డాక్టరు ఆపేద్దామన్నాడు.
పెద్ద మేడం పొట్ట నొక్కింది, సంతలో పుచ్చకాయను తట్టినట్టు తట్టింది.
ఆపొద్దు, తగ్గించినట్టే ఉండనీ అనింది.
ఒక సూది రాసింది.

మరుసటి రాత్రి నూటాపది.
ఆ తర్వాత నలభై. మళ్ళీ డెబ్బై, నా గుండె జారింది.
అయిదో రాత్రి
సిరంజిలో గాలి, నాలుగు చుక్కలు.
తక్కువ చేతికొస్తే సంబరపడేది
లోకంలో మేమేనేమో.

తెల్లారి నాలుగున్నరకు
ఆయా ఆదెమ్మ దుప్పటి ఎత్తి చూసి
వరండా అదిరేటట్టు అరిచింది:
"పోయినాడు! ఆరో నంబరు పోయినాడు!"
బయట దబ్బుమని చప్పుడు.
తిప్పమ్మ గోడ పట్టుకోని జారిపోతాండాది.
"దొడ్డికి తల్లీ! దొడ్డికి పోయినాడు!"
ఆదెమ్మ నాలుక కరుచుకోని ఉరికింది.
ఏడుస్తా నవ్వింది తిప్పమ్మ, నవ్వుతానే
దాని చెంప మీద ఒకటి పీకింది.

లోపలికి పిలిచినా, అయిదు నిమిషాలు.
స్టెత్తు ఆమె చెవులకు పెట్టి
గుండ్రటి బిళ్ల ఆయన బొడ్డు పక్కన ఆనించినా.
మిషను ఊపిరి పోస్తానే ఉండాది,
ఆయన కండ్లు తెరవనే లేదు.
ఆమె తల వంచి శానాసేపు వినింది.
"గుడగుడమంటాండాది.
మోటరు నీళ్లు పట్టింది సిస్టరమ్మా."

బిళ్ల తీయబోతే ఇవ్వలేదు.
తన చీర కుచ్చిళ్లపైన పెట్టుకోనింది.
"ఇదేందే, ఇది ఇంత అరుస్తాది!"
నిన్న మధ్యాహ్నం టీ, అంతేనంట.

నా డబ్బాలో చిత్రాన్నం సగం మిగిలుండాది, చల్లగా.
మెట్ల మీద కూర్చోని తినుపో అక్కా,
మెల్లగా, ఒక్కసారిగా మింగొద్దు.

ఆరు కావస్తాండాది.
సిరంజి కడగల్ల.